రెండు కార్డులు, తొమ్మిదేళ్ల లెక్క



ఇంజనీరింగ్‌లో సీటు వచ్చిన ఇళ్లల్లో ఏటా జూలై, ఆగస్టు నెలల్లో ఒక బేరం నడుస్తుంది. అబ్బాయో అమ్మాయో కంప్యూటర్ కావాలంటారు. "చదువు కోసమే నాన్నా" అంటారు. దుకాణంవాడు కొటేషన్ రాసిస్తాడు. ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్ అన్నీ వరసగా ఉంటాయి. చివర్లో గ్రాఫిక్స్ కార్డు అని ఇంకో వరస ఉంటుంది. మొత్తం బిల్లులో మూడో వంతు దానిదే. "ఇది లేకపోతే కంప్యూటర్ నడవదా?" అని తండ్రి అడుగుతాడు. దుకాణంవాడు పిల్లాడి ముఖం చూస్తాడు, పిల్లాడు నేల చూస్తాడు.

నడుస్తుందండీ. చదువుకి బ్రహ్మాండంగా నడుస్తుంది. నడవనివి ఆటలు.

సరే, ఆటలు ఆడుకోనిద్దాం, అదేం పాపం కాదు. కానీ ఏ కార్డు కొనాలి? ఇక్కడ ఎప్పుడూ పోటీ ఇద్దరి మధ్యే. ఎన్‌విడియా ఒక కార్డు వదిలితే, దానికి అటూ ఇటూ ధరలో ఏఎమ్‌డీ ఇంకోటి వదులుతుంది. ఈమధ్య ఇంటెల్ కూడా బరిలోకి దిగిందిగానీ మన దుకాణాల్లో దాని మాట ఇంకా తక్కువే. ఇవాళ్టి కొత్త కార్డుల పేర్లు తీసుకుని నేను తీర్పు చెబితే ఆ తీర్పు మూడు నెలల్లో పాతబడిపోతుంది. అందుకని ఒక పాత జంటను ఎంచుకున్నాను. పుట్టిన రోజు నుంచి, కంపెనీలు ఇక మావల్ల కాదని చేతులు దులుపుకున్న రోజు దాకా, వాటి జాతకం మొత్తం ఇప్పుడు మన కళ్ల ముందుంది. ఒకటి ఎన్‌విడియా వారి జీటీఎక్స్ 1060. రెండోది ఏఎమ్‌డీ వారి ఆర్ఎక్స్ 480. ఏడాది తిరక్కుండానే ఆ 480కి కాస్త వేగం పెంచి 580 అని పేరు మార్చారు. కాబట్టి 480నీ 580నీ ఒకే ఖాతాలో వేసి మాట్లాడతాను.

కొన్న రోజున గెలిచిన కార్డు ఒకటి, ఐదేళ్ల తర్వాత గెలిచిన కార్డు ఇంకొకటి. అలా ఎందుకైంది అన్నదే ఇవాళ్టి మాట.

ముందు ఈ కార్డు చేసే పని చెబుతాను. మామూలు మానిటర్ మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. హెచ్చవేస్తే 20,73,600. ఆట సాఫీగా కదలాలంటే సెకనుకు 60 బొమ్మలు, అంటే 60 ఫ్రేములు పడాలి. అప్పుడు సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు తేల్చాలి. ఈ గోడ మీద ఎండ ఎంత పడింది, ఈ నీళ్లలో ఆ చెట్టు నీడ ఎటు వంగింది అని ప్రతి చుక్కకూ లెక్క వేయాలి. ఒక్కో ఫ్రేముకు దొరికే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు. ప్రాసెసరులో కోర్లు నాలుగో, ఆరో, ఎనిమిదో ఉంటాయి. ఒక్కొక్కటీ మహా సమర్థురాలు, కానీ ఇంత గుంపు పనికి చాలదు. గ్రాఫిక్స్ చిప్‌లో వేల సంఖ్యలో చిన్న చిన్న లెక్కల యూనిట్లుంటాయి. అవన్నీ ఒకేసారి ఒకే తరహా లెక్క చేస్తాయి.

కార్డుల పోలికల్లో ఎక్కువగా వినిపించే అంకె, సెకనుకు సగటున ఎన్ని ఫ్రేములు అన్నది. ఈ సగటును నేను పూర్తిగా నమ్మను. రెండు కార్డులకూ సగటు 60 అనే వచ్చిందనుకోండి. ఒకదాంట్లో ప్రతి ఫ్రేమూ వేళకు వచ్చింది. రెండోదాంట్లో చాలా ఫ్రేములు తొందరగా వచ్చి, మధ్య మధ్య ఏదో ఒకటి 50 మిల్లీసెకన్లు తీసుకుంది. కంటికి తెలిసేది ఆ తడబాటే. మలుపు దగ్గర బండి ఒక్కసారి ఆగి గెంతినట్టు కనబడేది అక్కడే. అందుకే బుద్ధిగా పరీక్షించేవాళ్లు అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల లెక్క విడిగా చెబుతారు. ఆ అంకె లేని పోలిక మీ చేతికొస్తే సగమే చేతికొచ్చినట్టు.

ఇక 2016కి వెళ్దాం. ఏఎమ్‌డీలో అప్పుడు గ్రాఫిక్స్ విభాగానికి పెద్ద రాజా కోడూరి. కొవ్వూరులో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చదివిన మన తెలుగువాడు. 2015 సెప్టెంబరులో ఏఎమ్‌డీ తన గ్రాఫిక్స్ పనంతా రేడియాన్ టెక్నాలజీస్ గ్రూప్ అనే విభాగంగా కూడగట్టి ఆయన చేతిలో పెట్టింది. ఆ జట్టు ఒక సాహసం చేసింది. లక్ష రూపాయల కార్డుల దగ్గర ఎన్‌విడియాతో తలపడడం అప్పటికి పక్కన పెట్టింది. ఎక్కువమంది కొనేది 200 డాలర్ల దగ్గర కాబట్టి ముందు అక్కడే దెబ్బ కొట్టాలనుకుంది. అలా పోలారిస్ అనే చిప్‌తో ఆర్ఎక్స్ 480 వచ్చింది. 2016 జూన్ 29న అమ్మకం మొదలు. నాలుగు జీబీ మెమరీ ఉన్నది 199 డాలర్లు, ఎనిమిది జీబీది 239.

మూడు వారాలకే, జూలై 19న, ఎన్‌విడియా జవాబు చెప్పింది. జీటీఎక్స్ 1060, ఆరు జీబీ, మొదలు ధర 249 డాలర్లు. కంపెనీ సొంతంగా తయారుచేసిన నమూనా మాత్రం 299. డాలరు అప్పుడు 67 రూపాయల దగ్గర ఉండేది. ఆ లెక్కన రెండూ 16, 17 వేలకు రావాలి. కానీ సుంకాలు, పన్నులు, డిస్ట్రిబ్యూటర్ల లాభాలు కలిసేసరికి మన దుకాణాల్లో ఏదీ ఆ ధరకు దొరకలేదు. విదేశీ సమీక్షలో డాలరు ధర చదివి దాన్ని 67తో గుణించుకుని దుకాణానికి వెళ్లిన ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. ఈ అలవాటు ఇప్పటికీ మనవాళ్లని వదల్లేదు. అక్కడ పది డాలర్ల తేడా ఉన్న కార్డుల మధ్య ఇక్కడ మూడు నాలుగు వేల తేడా ఉండొచ్చు, అదీ ఎటువైపైనా ఉండొచ్చు. కాబట్టి విలువ లెక్క ఎప్పుడూ మన ఊరి బిల్లు మీదే వేయాలి.

ఇప్పుడొక చిక్కుముడి. కాగితం మీద చూస్తే 480ది పైచేయి. లెక్కల యూనిట్లు దాంట్లో 2304, 1060లో 1280. ట్రాన్సిస్టర్లు దాంట్లో 570 కోట్లు, దీంట్లో 440 కోట్లు. గరిష్ఠ లెక్కల సామర్థ్యం దానిది 5.8 టెరాఫ్లాపులు, దీనిది 4.4. మెమరీ నుంచి చిప్‌కి సెకనుకు చేరే సమాచారం దాంట్లో 256 జీబీ, దీంట్లో 192. ఈ అంకెలన్నిటిలోనూ వెనకబడ్డ 1060, ఆ ఏడాది ఆటల్లో చాలావాటిలో ముందుంది. తన కార్డు సగటున 15 శాతం వేగమని ఎన్‌విడియా చెప్పుకుంది. బయటివాళ్ల పరీక్షల్లో అంత తేడా రాలేదుగానీ, ఆధిక్యం మాత్రం 1060దే.

ఎందుకు? పెళ్లి వంటశాల ఊహించుకోండి. గాడిపొయ్యిల దగ్గర 2304 మంది వంటవాళ్లున్నారు. సరుకుల గది తాళం మాత్రం ఒక్క మేస్త్రీ బొడ్డులో ఉంది. ఎవరికెంత పప్పు, ఎంత నూనె అన్నది ఆయనే కొలిచి ఇవ్వాలి. మేస్త్రీ నెమ్మదస్తుడైతే సగంమంది గరిటెలు పట్టుకుని నిలబడే ఉంటారు. ఆనాటి ఆటల్లో ఎక్కువ భాగం డైరెక్ట్‌ఎక్స్ 11 అనే పద్ధతిలో రాసినవి. ఆ పద్ధతిలో కార్డుకు పని పురమాయించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఎక్కువగా ప్రాసెసరులోని ఒక్క కోర్ మీదే ఆధారపడేది. ఎన్‌విడియా తన డ్రైవర్‌ని ఎన్నో ఏళ్లు కూర్చుని సాన పెట్టింది, పనిని నాలుగు కోర్లకు పంచే ఉపాయాలు చేసింది. ఏఎమ్‌డీ డ్రైవర్ అక్కడ వెనకబడింది. దానికి తోడు 1060 చిప్ బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విడదీసి, చాలా పని తన లోపలి కొద్దిపాటి జ్ఞాపకంలోనే ముగించుకునేది. బయటి మెమరీని పదే పదే తాకాల్సిన అవసరం తక్కువ. అందుకే 192 జీబీతోనే సరిపెట్టుకుంది.

మన దగ్గర ఈ సంగతికి ఇంకో ముఖముంది. డబ్బంతా కార్డు మీద పెట్టి, ప్రాసెసర్ దగ్గర ఇంటెల్ ఐ3తోనో ఏఎమ్‌డీ పాత ఎఫ్ఎక్స్‌తోనో సరిపెట్టుకునే అసెంబుల్డ్ కంప్యూటర్లు మనవి. ప్రాసెసర్ బలహీనమైతే డ్రైవర్ నెమ్మదితనం ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అమెరికాలో ఖరీదైన ఐ7తో చేసిన పరీక్షలో ఐదు శాతం తేడా వచ్చిందంటే, మన ఐ3 మీద అది అంతకన్నా పెద్దదవుతుంది. 2016లో తక్కువ ప్రాసెసర్ ఉన్నవాడికి 1060 కొనమని చెప్పినవాళ్లు తప్పు చెప్పలేదు.

కానీ ఆ వంటశాల ఏర్పాటే మారిపోతోంది. డైరెక్ట్‌ఎక్స్ 12, వల్కన్ అనే కొత్త పద్ధతులు వచ్చాయి. వల్కన్‌కి మూలం ఏఎమ్‌డీ మొదలుపెట్టిన మాంటిల్. వీటిలో పని పురమాయించే బాధ్యత చాలావరకు ఆట రాసేవాళ్ల చేతికే వస్తుంది, అన్ని కోర్లనూ వాడుకోవచ్చు. 2016 జూలైలోనే డూమ్ అనే ఆటకు వల్కన్ వచ్చింది. పాత పద్ధతిలో వెనకబడ్డ 480 ఒక్కసారిగా ఎగబాకి 1060ని దాటేసింది. కార్డు అదే, ఆట అదే, మధ్యలో మాట్లాడే భాష మారిందంతే. ఖాళీగా నిలబడ్డ లెక్కల యూనిట్లకు పని దొరికింది.

దీనివెనక ఇంకో బలముంది. సోనీ ప్లేస్టేషన్ 4, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్, రెండింటిలోనూ ఉన్నది ఏఎమ్‌డీ గ్రాఫిక్సే. 2016 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 4 ప్రోలో గ్రాఫిక్స్ యూనిట్లు సరిగ్గా 36 గుంపులు, 480లోనూ 36 గుంపులే. పెద్ద ఆటలు రాసేవాళ్లు ముందు ఈ పెట్టెల కోసం రాస్తారు. వాటిలోంచి చివరి బొట్టుదాకా పిండే ఉపాయాలు కనిపెడతారు. ఆ ఉపాయాలే పీసీ రూపంలో ఏఎమ్‌డీ కార్డులకు ఉచితంగా దక్కాయి. 2019 నవంబరులో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 పీసీ మీదకొచ్చేనాటికి 580 ముందుండడం ఎవరికీ వింతగా అనిపించలేదు. 2021 నాటికి కథ ఇంకాస్త తిరగబడింది. తక్కువ ప్రాసెసర్‌తో కొత్త పద్ధతి ఆటలు ఆడినప్పుడు, ఈసారి డ్రైవర్ బరువు ఎక్కువని తేలింది ఎన్‌విడియాకు.

ఇప్పుడు మెమరీ. ఆటలోని గోడలు, దుస్తులు, చర్మం, గడ్డి, వీటన్నిటి బొమ్మలూ కార్డు మీది మెమరీలో ఉండాలి. అక్కడ చోటు చాలకపోతే కంప్యూటర్ ర్యామ్‌లోంచి తెచ్చుకోవాలి. కార్డు మెమరీ నుంచి సెకనుకు 192, 256 జీబీలు వస్తాయని చెప్పాను కదా. మదర్‌బోర్డు స్లాట్ గుండా వచ్చేది సుమారు 16 జీబీ. ఒక్క బొమ్మ అటునుంచి రావాల్సొచ్చినా ఫ్రేము ఆగుతుంది. నేనిందాక చెప్పిన తడబాటుకు పెద్ద కారణాల్లో ఇదొకటి. 2016లో "ఎనిమిది జీబీ ఎందుకండీ, దండగ" అన్నవాళ్లు చాలామంది. ఆరేళ్ల తర్వాత ఆ ఎనిమిది ఉన్నవాళ్లు బొమ్మల నాణ్యత పై మెట్టు మీద ఉంచి ఆడుకుంటుంటే, ఆరు ఉన్నవాళ్లు ఒక మెట్టు దిగాల్సొచ్చింది.

మూడు ఉన్నవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. అవును, మూడు. 2016 ఆగస్టులో ఎన్‌విడియా 199 డాలర్లకు మూడు జీబీ 1060 అని ఒకటి వదిలింది. పేరు చూస్తే మెమరీ ఒక్కటే తగ్గించారనిపిస్తుంది. లోపల లెక్కల యూనిట్లు కూడా 1280 నుంచి 1152కి కోశారు. అంటే అది వేరే కార్డు, అదే పేరుతో అమ్మారు. మన దగ్గర ఎంతమంది తల్లిదండ్రులు "1060యే కదా, నాలుగు వేలు తక్కువకు వస్తోంది" అని దాన్ని తెచ్చిచ్చారో! ఏఎమ్‌డీ ఏం తక్కువ తినలేదు. 2018లో చైనా మార్కెట్ కోసమని 580కి 2304కి బదులు 2048 యూనిట్లు పెట్టి, పేరులో 580ని అలాగే ఉంచింది. నిజానికి అది తమ్ముడు కార్డు 570. చైనాకని తయారైన ఆ సరుకు ఆన్‌లైన్ దుకాణాల గుండా మన దాకా వచ్చింది, ఇప్పటికీ వస్తోంది. ఈ విషయంలో రెండు కంపెనీల మీదా నాకు ఒకే అభిప్రాయం, దాన్ని రేడియోలో చెప్పకూడదు. 2025లోనూ ఇదే ఆట: ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ ఎనిమిది జీబీ, పదహారు జీబీ రకాలుగా ఒకే పేరుతో వచ్చాయి. దుకాణంలో పేరు అడిగాక జీబీ కూడా అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

కరెంటు దగ్గర ఏఎమ్‌డీ పరువు పోయింది. 480కి కంపెనీ చెప్పిన లెక్క 150 వాట్లు. స్లాట్ నుంచి 75, ఆరు పిన్నుల తీగ నుంచి 75, మొత్తం బొటాబొటిగా సరిపోతుందన్నారు. సమీక్షకులు మీటర్లు పెట్టి కొలిస్తే స్లాట్ నుంచి లాగుతున్నది పరిమితి దాటింది. చవక మదర్‌బోర్డుల వాళ్లు హడలిపోయారు. అదే జూలైలో డ్రైవర్ మార్చి సర్దుబాటు చేశారు. ఆ తర్వాత వచ్చిన 580 వేగం పెరిగింది, వాట్లు 185కి చేరాయి. 1060 మాత్రం 120 వాట్లతోనే సరిపెట్టుకుంది. ఇక్కడ ఎన్‌విడియా ఇంజనీర్ల పనితనానికి దండం పెట్టాల్సిందే.

ఆ తేడా ఇంటి బిల్లులో ఎంతవుతుంది? 580కీ 1060కీ మధ్య 65 వాట్లు. రోజుకు మూడు గంటలు ఆడితే ఏడాదికి 71 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే సుమారు 570 రూపాయలు. ఐదేళ్లకు మూడు వేలకు కాస్త తక్కువ. కొనేటప్పుడు కార్డుల ధరల్లో ఉన్న తేడాను ఇది తినేయగలదు. ఎవరూ ఈ లెక్క వేయరు, ఎందుకంటే కార్డు కొనేది ఒకసారి, కరెంటు బిల్లు కట్టేది నాన్న. కంప్యూటర్‌కి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ ఖర్చు కూడా ఉంది. 1060కి 400 వాట్లది చాలన్నారు, 580కి 500 ఉండాలన్నారు. క్యాబినెట్‌తో కలిపి చవగ్గా వచ్చే ఎస్ఎంపీఎస్ మీద 450 అని అంటించి ఉంటుంది. ఆ అంకెను నమ్మి 580 పెట్టుకుంటే, ఆట మంచి రసపట్టులో ఉండగా కంప్యూటర్ టప్పున ఆగిపోతుంది. దోషం కార్డుదనుకుంటారు.

వేడి సంగతి సరేసరి. విదేశీ పరీక్షలు 22, 23 డిగ్రీల గదుల్లో జరుగుతాయి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో 185 వాట్ల కార్డు నడిపి చూడండి. అది విడిచే వేడి మళ్లీ అదే గదిలో తిరుగుతుంది. చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఫ్యాన్ హోరు పక్కగదిలోకి వినబడుతుంది. ఎండాకాలానికి మాత్రం నేను 1060 వైపే.

ఇంతవరకూ చెప్పిన లెక్కలన్నీ ఒక్క దెబ్బతో తారుమారైన ఏడాది 2017. ఆ ఏప్రిల్ 18న 580 వచ్చింది, ఎనిమిది జీబీది 229 డాలర్లు. చూడబోతే కొనేవాడికి పండగ. కొద్ది వారాలకే దుకాణాల్లోంచి మాయమైంది. కొన్నది ఆటగాళ్లు కాదు. ఎథీరియం అనే క్రిప్టో నాణెం తవ్వుకునేవాళ్లు డజన్ల లెక్కన ఎత్తుకుపోయారు. ఎథీరియం తవ్వకానికి కావాల్సింది మెమరీ ఎంత వేగంగా సమాచారం అందిస్తుందన్నది. ఇందాక 256 అని ఒక అంకె చెప్పాను గుర్తుందా? ఆట విషయంలో పెద్దగా అక్కరకు రాదనుకున్న ఆ 256 జీబీయే తవ్వకందార్లకు కావాల్సింది. కార్డులోని మంచి గుణమే దాన్ని ఆటగాడికి దూరం చేసింది. తర్వాత 1060 ధర కూడా పెరిగిందిగానీ 580 అంత కాదు. ఆ నెలల్లో "రూపాయికి ఎన్ని ఫ్రేములు" అని లెక్క వేస్తే 580 చిత్తుగా ఓడిపోయేది, దాని తప్పు ఏమీ లేకుండానే. 2018లో వెర్రి తగ్గింది, 2021లో మళ్లీ పూనింది. చివరికి 2022 సెప్టెంబరు 15న ఎథీరియం తన పద్ధతి మార్చుకుని గ్రాఫిక్స్ కార్డులతో తవ్వడాన్ని పూర్తిగా ఆపేసింది. గోదాముల్లో రాత్రింబవళ్లు నడిచిన కార్డులు సెకండ్‌హ్యాండ్ బజారులో వరదలా పడ్డాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అని అందరూ పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లేవాళ్లకు ఇలాంటి సరుకు కొత్త కాదు.

ఇంకో సంగతి. మన పిల్లలు "చదువు కోసమే" అన్న మాటలో ఒక్కోసారి నిజం కూడా ఉంటుంది. మెషీన్ లెర్నింగ్ పాఠాలు చేసేవాళ్లకు, బ్లెండర్‌లో బొమ్మలు గీసేవాళ్లకు ఎన్‌విడియా వారి క్యూడా (CUDA) అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వేదిక ఉన్న 1060 పెట్టగానే పనిచేసేది. 580తో అదే పని చేయబోతే సగం సెలవులు ఇన్‌స్టాల్ చేసుకోవడంతోనే గడిచేవి. ఆటల లెక్కలో ఇది రాదు, ఇంటి లెక్కలో మాత్రం రావాలి.

మరి దీర్ఘాయుష్షు ఎవరిది? పీసీ ఆటలు అమ్మే స్టీమ్ వాళ్ల నెలసరి సర్వేలో 1060 ఏళ్ల తరబడి మొదటి స్థానంలో కూర్చుంది. 2022 నవంబరులో గానీ జీటీఎక్స్ 1650 దాన్ని దించలేదు. అంతమంది దగ్గర ఉన్న కార్డును ఏ ఆట కంపెనీ వదులుకుంటుంది? 2022 ఫిబ్రవరిలో ఎల్డెన్ రింగ్ వచ్చినప్పుడు కనీస అవసరాల జాబితాలో మన జంటే పక్కపక్కన కనబడింది: మూడు జీబీ 1060, లేదా నాలుగు జీబీ 580. 2023 సెప్టెంబరులో స్టార్‌ఫీల్డ్ వచ్చేసరికి కనీసం అన్న గీత ఈ రెండింటికీ పైన పడింది. 2024 డిసెంబరులో ఇండియానా జోన్స్ ఆట కాంతికిరణాల లెక్క చేసే ప్రత్యేక యూనిట్లు ఉంటేనే మొదలవుతానంది. అవి రెండింటిలోనూ లేవు.

ఈలోగా ఒక విచిత్రం జరిగింది. తక్కువ చుక్కలతో బొమ్మ గీసి దాన్ని పెద్దది చేసి చూపే ఉపాయం ఎన్‌విడియా దగ్గర డీఎల్ఎస్ఎస్ అనే పేరుతో ఉంది. కానీ ఆర్‌టీఎక్స్ కార్డులకే ఇస్తానంది, తన సొంత 1060కి ఇవ్వలేదు. 2021 జూన్‌లో ఏఎమ్‌డీ ఎఫ్ఎస్ఆర్ అని అలాంటిదే తెచ్చి, అందరూ వాడుకోండని వదిలేసింది. 1060 ఉన్నవాళ్ల ఆయువు రెండేళ్లు పెంచింది ప్రత్యర్థి కంపెనీ. మానిటర్ దగ్గరా ఇలాగే. చిరిగినట్టు కనబడని బొమ్మ కావాలంటే ఎన్‌విడియావాళ్లు ఖరీదైన ప్రత్యేక మానిటర్ కొనాల్సొచ్చేది, ఏఎమ్‌డీవాళ్లకు ఫ్రీసింక్ ఉన్న చవక మానిటర్ చాలేది. 2019 జనవరిలో గానీ ఎన్‌విడియా పట్టు సడలించలేదు. 480యో 580యో కొన్నవాడు అప్పటిదాకా మానిటర్ దగ్గర మిగుల్చుకున్న డబ్బును ఏ పోలికలోనూ కలపరు.

డ్రైవర్ల విషయంలో ఏఎమ్‌డీ 2023 నవంబరులోనే పోలారిస్ కార్డులను విడి వరసలోకి నెట్టి, అప్పుడప్పుడు మాత్రమే మందు వేయడం మొదలుపెట్టింది. ఎన్‌విడియా 1060ని 2025 అక్టోబరు దాకా కొత్త ఆటల డ్రైవర్లతో పోషించింది. భద్రతా సవరణలు 2028 అక్టోబరు దాకా ఇస్తానంది. ఇక్కడ ఎన్‌విడియాది స్పష్టమైన గెలుపు. అయితే లైనక్స్ వాడేవాళ్లకు ఇది తిరగేసి చదవాలి: అక్కడ ఏఎమ్‌డీ డ్రైవర్ బహిరంగంగా ఉంది, కంపెనీ పట్టించుకోకపోయినా ఔత్సాహికులు దాన్ని బాగుచేస్తూనే ఉన్నారు.

నన్నడిగితే, 2016లో బలహీనమైన ప్రాసెసర్, చవక ఎస్ఎంపీఎస్, రెండు మూడేళ్లకో కార్డు మార్చే అలవాటు ఉన్నవాడికి 1060 ఆరు జీబీ సరైనది. ఒకసారి కొని ఆరేళ్లు దాని ముఖమే చూస్తూ కూర్చునేవాడికి ఎనిమిది జీబీ 480 గానీ తర్వాత వచ్చిన 580 గానీ, అసలు ధరకు దొరికి ఉంటే. మన మధ్యతరగతి ఇళ్లల్లో ఎక్కువమంది రెండో రకమే. అయినా ఎక్కువమంది కొన్నది 1060. కారణం, కొన్న వారం చదివిన సమీక్షలో అది ముందుండడం.

ఇప్పుడు ఈ రెంటిలో ఏదైనా సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోవచ్చా అని అడిగేవాళ్లుంటారు. వాలరెంట్, జీటీఏ 5 ఆడుకోవడానికైతే నిక్షేపంగా తీసుకోవచ్చు, 60 హెర్ట్జ్ మానిటర్‌కి రెండూ ఎక్కువే. కొత్త పెద్ద ఆటల కోసమైతే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. తీసుకునేటప్పుడు మాత్రం దుకాణంలోనే కార్డు బిగించి అరగంటసేపు బరువైన ఆటో పరీక్షో నడిపించమనండి. బొమ్మలో మచ్చలు పడుతున్నాయా, ఫ్యాన్ గరగరలాడుతోందా, వేడి 85 డిగ్రీలు దాటుతోందా చూడండి. తవ్వకంలో వాడిన కార్డులకు లోపలి బయోస్ మార్చి ఉండొచ్చు, అసలుది తిరిగి వేశారో లేదో అడగండి. ఆపైన జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం తెరవమనండి. లెక్కల యూనిట్ల దగ్గర 1060 అయితే 1280 అని ఉండాలి, 1152 కాదు. 580 అయితే 2304 అని కనబడాలి. 2048 అని కనబడితే అది 570, దాని ధరకే ఇస్తానంటేనే బేరం ఆడండి.